పాటల పుస్తకంలో తొమ్మిదో ఫారం

ప్రెస్సులో పని మానేసి రెండేళ్ళు దాటింది. అయినా నెలకో రెండు నెలలకో ఒక ఫోన్ వస్తుంది.

"అమ్మా, పాటల పుస్తకంల రెండు వందల పద్నాలుగు కాడ తెల్లగ ఉన్నది. పాట అచ్చు పడలే."

ఇలాంటి ఫోన్లన్నీ మా పాత యజమాని నాకే మళ్ళిస్తాడు. ప్రూఫులు దిద్దినవాళ్ళే జవాబు చెప్పాలన్నది ఆయన పద్ధతి. "పడకపోవుడు కాదు బిడ్డా, మేమే తీసేసినం" అంటాను. "ఎందుకు?" అంటారు.

ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తుంటాను. మొత్తం సంగతి ఒకసారి రాసిపెడితే, ఇప్పుడు చర్చి సంఘం పనుల్లోకి, ప్రెస్సు పనుల్లోకి వస్తున్న పిల్లలకు ఉపయోగపడుతుందనిపించింది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. మధ్యలో ఉంది కాబట్టి చివరిదాకా చదవండి.

నేను బడికి పోలేదు. మాది నల్గొండ వైపు పల్లె. మా నాయన ఇంట్లోనే బైబిలు, పాటల పుస్తకం ముందర పెట్టుకొని చదువు చెప్పాడు. అక్షరాల కంటే ముందు అంకెలు నేర్పాడు. ఎందుకంటే మా చర్చిలో ఎవరైనా పాట పాడాలంటే నంబరు పిలుస్తారు. ఆ నంబరు వెతికి పేజీ తీసి పెద్దవాళ్ళ ముందు పెట్టడం మా ఇంట్లో నా పని. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తాకుతూ చదవడం అప్పుడు పడిన అలవాటు. ఇప్పటికీ పోలేదు.

పెళ్ళయి ఎల్బీనగర్ వచ్చాక, దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక ప్రెస్సు వాళ్ళకు మనిషి కావాలంటే వెళ్ళాను. యజమాని గుంటూరు వైపు ఆయన. సర్టిఫికెట్లు అడిగాడు. లేవన్నాను. బల్ల మీదున్న పెళ్ళి పత్రిక ఒకటి నా చేతికిచ్చి, "ఇందులో తప్పులున్నాయేమో చూడండి" అన్నాడు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఆయన టీ తాగడం అయిపోయింది, నా చదవడం కాలేదు. చివరికి నాలుగు చూపించాను. ఒకటి పెళ్ళికొడుకు ఇంటిపేరు.

ఆయన పత్రిక వెనక్కి తీసుకొని చాలాసేపు చూశాడు. "ఇది ఊరంతా పంచేసిన పత్రికండీ" అన్నాడు. మర్నాటి నుంచి రమ్మన్నాడు. ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాను. చదువు లేని నన్ను అక్షరాల మధ్య కూర్చోబెట్టిన దేవునికి స్తోత్రం చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆ మెట్లు ఎక్కలేదు.

మా పనిలో సగం కోచింగ్ సెంటర్ల గైడ్లు, మిగతా సగం పత్రికలు, బిల్లు పుస్తకాలు. నాలుగైదేళ్ళకొకసారి మాత్రం నాకు పండగలాంటి పని వచ్చేది. మా సంఘాల పాటల పుస్తకం. ఎల్బీనగర్‌లో ఉన్న పెద్ద చర్చి, దాని కింద పెద్ద అంబర్‌పేట్ దాటి పల్లెల్లో ఉన్న చిన్న చిన్న సంఘాలు, అందరిదీ ఒకటే పుస్తకం. పల్లెల్లో చదువురాని ముసలివాళ్ళు పాటల్ని నంబర్లతోనే గుర్తుపెట్టుకుంటారు. రెండు వందల పద్నాలుగు అంటే చావింటి పాట. నిద్రపట్టని మనిషి మంచం పక్కన దేవుడు వచ్చి కూర్చుంటాడని ఉంటుంది అందులో.

మా అమ్మ మంచంలో ఉన్న నాలుగు నెలలు పొద్దున్నే నేను పాడింది ఆ పాటే. దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు ఆటోలో కూడా గొంతులో అదే ఉంది. ఆ పాట లేకపోతే ఆ నాలుగు నెలలు ఎట్లా గడిచేవో నాకు తెలియదు.

రాసినాయన మా సంఘంవాడే. మొత్తం ఏడు పాటలు ఆయనవి ఆ పుస్తకంలో ఉన్నాయి, అన్నీ దుఃఖంలో ఓదార్చే ఆదరణ పాటల భాగంలోనే. అంతకుముందు కూర్పు వేసినప్పుడు తన ప్రూఫులు చూసుకోవడానికి ప్రెస్సుకు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ఒక కామా దగ్గర అరగంట ఆగాడు. తన పాట తనే చదువుకొని కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు మా యజమాని, "ఎంత మెత్తటి మనిషండీ" అన్నాడు. నేనూ అవునన్నాను.

ఆయన భార్య ఎడమ చెవి వినపడదు. ఇంట్లో పాట సాధన చేస్తుంటే ఆమె పల్లవి అందుకోవడం ఆలస్యమైందని కొట్టిన దెబ్బకు చెవిలో పొర పగిలింది. అంతకుముందు దెబ్బలు సంఘంలో కొందరికి తెలుసు. సర్దుకొమ్మని చెప్పినవాళ్ళున్నారు. చెప్పినవాళ్ళలో నేను లేను గానీ, తెలియనట్టు ఉన్నవాళ్ళలో ఉన్నాను. చెవి పోయిన తర్వాత ఆమె బయటికొచ్చింది. మా అయ్యగారు, అంటే మా పెద్ద పాస్టరు, ఆయన్ను సంఘం నుంచి తీసేశాడు. ఆయన వేరే జిల్లాకు పోయి అక్కడ సభల్లో పాడుకుంటున్నాడు. ఆమెకు పని కావాలంటే నేనే మా యజమానితో మాట్లాడి బైండింగులో పెట్టించాను. ఫారాలు మడతపెట్టే పని. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి, దాన్ని ఫారం అంటాం. దాన్ని వరసగా మడిచి, వెదురుబద్దతో మడత మీద గట్టిగా రుద్దాలి. ఆమె చెయ్యి చాలా తిన్నగా నడిచేది. మధ్యాహ్నం ఇద్దరం వెనక కాగితాల గదిలో కూర్చొని తినేవాళ్ళం. నేను ఆమె కుడిపక్కన కూర్చునేదాన్ని, వినపడాలని.

కొత్తపేట నుంచి పండ్ల మార్కెట్ వెళ్ళిపోయిన ఏడాది కొత్త కూర్పు పని మొదలైంది. ఆ ఏడు పాటల సంగతి అప్పుడు లేచింది.

సంఘం కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు, ప్రూఫుల మనిషినని. కార్యదర్శి కొత్తపేటలో ఎలక్ట్రికల్ షాపు నడిపే ఆయన. అతనన్నాడు, "పాటేం చేసింది అయ్యగారూ? మనిషి తప్పు చేస్తే మనిషిని తీసేసినం. పాటకేం పాపం?"

ఒక పెద్దమ్మ లేచింది. "గా పుస్తకంల పేరు చూసే కదా ఆయన్ను సభలకు పిలుస్తున్రు. పేరున్నంతకాలం పిలుస్తనే ఉంటరు."

"అట్లయితే పేరు తీసి పాట ఉంచుదాం" అన్నాడు కార్యదర్శి.

గంటన్నర నడిచింది. నేను నోరు విప్పలేదు. రెండు వందల పద్నాలుగు పోతుందేమోనన్న భయం ఒక్కటే నాకు. చివరికి అయ్యగారు, "ఆ చెల్లెను అడుగున్రి. ఆమె ఏమంటే అది" అన్నాడు. అందరి మొహాలూ తేలికపడ్డాయి. అడిగే పని నాకిచ్చారు. ఆమె పక్కనే కూర్చొని తినేదాన్ని నేనే కదా.

ఇక నా తప్పు.

మర్నాడు డబ్బాలు తెరిచాం. తినేముందు ప్రార్థన ఎప్పుడూ నేనే చేస్తాను, చిన్నగా. ఆ రోజు పెద్దగా చేశాను. మా అమ్మ మంచం గురించి, నాలుగు నెలల గురించి, ఆ పాటతో నువ్వు నన్ను ఎట్లా నిలబెట్టావో ప్రభువా అని దేవునికి వివరంగా చెప్పాను. ఆయనకు తెలియనట్టు. నా కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆమె తల వంచుకొని నా పక్కనే ఉంది. ఆమేన్ అన్న తర్వాత ఆమె చెయ్యి పట్టుకొని అడిగాను.

"చెల్లె, ఆ పాటలు ఉంచాలన్నా తియ్యాలన్నా నీ మాటే అన్నడు అయ్యగారు. నువ్వేమంటవు?"

ఆమె అన్నం వైపు చూసింది. "నీ ఇష్టం అక్కా" అంది.

నేను పోయి కమిటీకి, ఉండనీ అన్నదని చెప్పాను. ఆ రెండు మాటలకూ తేడా ఉందని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు పైగా పక్కపక్కన రెండు మాటలు పెట్టుకొని తేడా చూడడమే నా పని. అయినా చూడలేదు.

అచ్చు మొదలైంది. ఫారాలు ఒక్కొక్కటే మిషను మీద నుంచి బైండింగుకు పోతున్నాయి. ఆ ఏడు పాటలూ తొమ్మిదో ఫారంలో వచ్చాయి. నేను పట్టించుకోలేదు. పదో ఫారం మడతలు అయ్యాయి, పదకొండు, పన్నెండు అయ్యాయి. ఒకరోజు మా యజమాని వెనక బైండింగుకు వచ్చి దొంతర్లు చూశాడు.

"ఏమ్మా, తొమ్మిదో ఫారం ఏదీ?"

"రేపు చేస్త సార్" అందామె.

మర్నాడు పదమూడో ఫారం మడిచింది. తొమ్మిదో ఫారం కాగితాలు గోడకు ఆనించి అట్లాగే ఉన్నాయి, పైన గోధుమరంగు చుట్టే కాగితం కప్పి. మూడోరోజు యజమాని నా దగ్గరికొచ్చాడు. "ఆవిడకేమైనా ఒంట్లో బాలేదా? మీరు కాస్త కనుక్కోండి. కుట్టేవాళ్ళు ఖాళీగా కూర్చున్నారు."

నేను పోయి కనుక్కోలేదు. కనుక్కుంటే ఏం వినాల్సి వస్తుందో తెలిసి, సాయం చేస్తున్నట్టు ఆ చుట్టే కాగితం తీసి తొమ్మిదో ఫారం నేనే మడవడం మొదలుపెట్టాను. ఆమె తన బల్ల దగ్గర నుంచి చూస్తోంది. ఏడెనిమిది కాగితాలు మడిచాను. మడత గీత సరిగ్గా రెండు వందల పద్నాలుగు పక్కనుంచి పోతుంది. బద్దతో రుద్దుతుంటే నా బొటనవేలు కింద ఆయన పేరు. నేను అలవాటు చొప్పున వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. ఇంటిపేరు, పేరు. రోజంతా ఆమె చేయాల్సింది ఇదే పని. ఇన్ని వందల కాగితాల మీద, ఇన్ని వందల సార్లు, ఇదే చోట ఆమె వేలు పడాలి.

బద్ద కింద పెట్టేశాను. ఆమె కుడిపక్కకు పోయి నిలబడ్డాను.

"చెల్లె, నువ్వు ఆ రోజు ఉండనీ అనలే కదా."

"లే" అంది.

"మరి చెప్పకపోతివి."

ఆమె మడుస్తున్న కాగితం పూర్తిచేసి దొంతి మీద పెట్టింది. "నువ్వు ప్రార్థన చేసినవు అక్కా. ప్రార్థన చేసి అడిగితే కాదని ఎట్ల చెప్త? దేవునికి కాదన్నట్టు ఉండదా? మల్ల నువ్వు ఏడ్చినవు. మీ అమ్మ పాట అన్నవు. ఇగ నేనేమనాలె?"

ఇంకో కాగితం ముందుకు లాక్కుంది.

"పాట మంచిదే" అంది ఆమె. "నాకు ఎరుక. అది రాసిన దినం నేను ఇంట్లనే ఉన్న. చాయ్ చల్లగైందని ఒకటి కొట్టి మల్ల పోయి రాసిండు. నువ్వు పాడుకో. నేనొద్దనలే. నా చేతితోని మడువమంటే మాత్రం నాతోని కాదు."

సాయంత్రం నాలుగింటికి యజమానికి చెప్పి ఎల్బీనగర్ పోయాను. అయ్యగారు చర్చి వరండాలో కుర్చీలు సర్దుతున్నాడు. కార్యదర్శిని కూడా పిలిపించమన్నాను. వాళ్ళిద్దరి ముందు నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. ఎట్లా అడిగానో కూడా చెప్పాను. అది చెప్పడానికి మాత్రం మెట్లెక్కినంత ఆయాసం వచ్చింది.

కార్యదర్శి, "సరే, అయ్యిందేదో అయ్యింది. మల్ల పోయి మంచిగ అడుగు" అన్నాడు.

"ఆమెను మల్ల అడగొద్దు అన్నా" అన్నాను. "ఉంచమంటే ఆమె ఓర్చుకోవాలె. తియ్యమంటే ఆమె వల్లనే పోయినయని ముసలోళ్ళు ఆమెనంటరు. ఏదన్నా ఆమె మీదికే వస్తది. మనమే తేల్చాలె."

అయ్యగారు చేతిలో ఉన్న కుర్చీ మడిచి గోడకు పెట్టాడు. "నేను చెప్పాల్సింది ఆమె నెత్తిన పెట్టిన" అన్నాడు. ఇంకో కుర్చీ అందుకుంటూ, "తీసేద్దాం" అన్నాడు.

"పేరు తీసి పాట ఉంచితే?" అన్నాడు కార్యదర్శి మళ్ళీ.

"పేరు తీస్తే పాట మనకు మిగులుతది. ఆమెకేం మిగులుతది?" అన్నాడు అయ్యగారు.

"సరే తీసేద్దాం. ఏడు పాటలు తీసేసి ఎనకవి ముందుకు జరిపితే అయిపాయె."

అక్కడ అయ్యగారు ఒప్పుకోలేదు. "బాటసింగారం దాటినంక మన ముసలోళ్ళకు నంబరే చదువు. రెండు వందల ఇరవై అని పిలిస్తే ఇంకో పాట వస్తే ఎట్ల? పాత పుస్తకమున్నోళ్ళు ఒకటి, కొత్త పుస్తకమున్నోళ్ళు ఒకటి పాడుతరు. ఉన్న పాటలన్ని ఆగమైతయి."

అప్పుడు నాకు తెలిసిన పని ఒకటే తోచింది. "నంబర్లు అట్లనే ఉంచుదాం. ఆ చోటు ఖాళీగ ఇడిసిపెడదాం" అన్నాను.

"అచ్చు తప్పనుకొని నవ్వుతరు" అన్నాడు కార్యదర్శి.

"నవ్వరు, అడుగుతరు. అడిగితే చెప్దాం."

మర్నాడు మా యజమానికి చెబితే తలపట్టుకున్నాడు. "పాతికేళ్ళుగా ఎక్కడా ఖాళీ పడకుండా చూడమని మీకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు మీరే వచ్చి ఏడు ఖాళీలు వేయమంటున్నారు. అదీ దేవుడి పుస్తకంలో." ఆయన వెంకటేశ్వరస్వామి భక్తుడు, మా సంఘం గొడవలు ఆయనకు పట్టవు. విషయం మొత్తం విన్నాడు. వింటూ ఒకసారి వెనక గది వైపు చూశాడు. "కామా కోసం అరగంట కూర్చున్నాయనేనా?" అన్నాడు. అవునన్నాను. "కాగితం సంగతి నేను చూసుకుంటాను. పైవాడి సంగతి మీరు చూసుకోండి" అని మిషను అబ్బాయిని కేకేశాడు. నాకు అన్నం పెట్టిన మనుషుల్లో ఆయనొకడు. ఆ రోజుకు మాత్రం ఇంకొక దండం ఎక్కువ పెట్టాలి.

కొత్త తొమ్మిదో ఫారం తడి ఆరకముందే ఆమె తెచ్చుకుంది. నేను పోయి కుడిపక్కన కూర్చున్నాను. మొదటి కాగితం వెలుతురుకు పట్టి చూసింది. నంబరు ఉంది, కింద తెలుపు. మళ్ళీ పాట. మళ్ళీ నంబరు, తెలుపు.

"గీ ఖాళీ ఎందుకక్కా?"

"నంబర్లు జరగకుండ."

"ఎవరన్న అడిగితే?"

"ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు. లేదంటే ఏం చెప్పను."

అనగానే మళ్ళీ అడిగానే అనిపించింది. ఈసారి మాత్రం ప్రార్థన చేయలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఆమె నాలుగైదు కాగితాలు మడిచింది.

"నా పేరు ఒద్దు" అంది. "చెవి సంగతి చెప్పు."

అదే చెబుతున్నాను ఇప్పటికీ. రాసినాయన భార్యను కొట్టి చెవి పోగొట్టాడు, అందుకని తీసేశామంటాను. కొందరు ఫోన్ పెట్టేస్తారు. కొందరు, మా దగ్గరా ఒకామె ఉందమ్మా అని వేరే కథ మొదలుపెడతారు, అప్పుడు గంట పడుతుంది. రెండు సంఘాలు పుస్తకాలు తిరిగి పంపాయి. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ఇంట్లో ఆ ఖాళీలో పెన్నుతో పాట మొత్తం రాసుకున్నారు, గుండ్రటి అక్షరాలతో. అందులో ఒక దీర్ఘం తప్పు కూడా ఉంది. చూసి ఊరుకున్నాను. ఆయనకు సభలు తగ్గాయని విన్నాను, తగ్గలేదని కూడా విన్నాను.

మరి ఆ పాట నాకు చేసిన మేలు ఏమైందని మీరు అడగవచ్చు. నన్ను నేనే చాలాసార్లు అడిగాను. మా అమ్మ ఆ పాట వింటూ కళ్ళు మూసింది. దానికి దేవునికి స్తోత్రం చెబుతాను, ఎప్పటికీ చెబుతాను. కానీ ఆ స్తోత్రం ఆ చెల్లె పక్కన కూర్చొని గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు. ఇంతవరకే నాకు అర్థమైంది. ఇంకా ఏమైనా ఉంటే మీరు చెప్పండి.

పోయిన ఎండాకాలం బాటసింగారం అవతల ఒక చావింటికి పోయాం. ఆమె కూడా వచ్చింది, ఇద్దరం చాప మీద పక్కపక్కన కూర్చున్నాం. శవం తలాపున కూర్చున్న ముసలామె ఎవరో, "రెండు వందల పద్నాలుగు" అని పిలిచింది. పడుచువాళ్ళు పుస్తకాలు తిప్పారు. ముసలివాళ్ళకు పుస్తకంతో పని లేదు, అందుకున్నారు. రెండో చరణానికి నా పెదవులు కూడా కదిలాయి. ఆపుకున్నాను.

మా ముందు నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె పుస్తకం పట్టుకొని వెనక్కి తిరిగింది. "ఆంటీ, గీడ నంబరున్నది, పాట లేదేంది?" అని నన్నే అడిగింది, నా మొహం పుస్తకాల మనిషిదని తెలిసిందో ఏమో.

నేను నోరు తెరిచేలోగా నా పక్కనున్నామె కుడిచెవి అటు తిప్పి వంగింది. "ఏమన్నవు బిడ్డా?"

"పాట లేదేందని."

"ఉండె. తీసేసిన్రు."

"ఎందుకు?"

ఆమె చేత్తో నేల ఆసరా చేసుకొని లేచింది. కొంగు సర్దుకుంది. "బయటికి రా, చెప్త. నా సంగతే."

ఇద్దరూ చెప్పులు వెతుక్కొని వేపచెట్టు కిందకు పోయారు. లోపల పాట ఇంకా రెండు చరణాలుంది. నేను చాప మీద ఆమె చోటు ఎవరూ కూర్చోకుండా చెయ్యి పెట్టి, అది అయిపోయేదాకా ఊరకే ఉన్నాను.